యాంప్లిఫయర్‌లో ప్రతి మిల్లీయాంపియరూ లెక్క చెప్పాలి

ఈమధ్య విశాఖలోనే ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఫైనలియర్ ప్రాజెక్టుల రివ్యూకి రమ్మంటే వెళ్లాను. ఒక బ్యాచ్ పిల్లలు మైక్ ప్రీయాంప్ (మైక్ ఇచ్చే చిన్న సిగ్నల్‌ని ముందుగా పెంచే భాగం), దాని వెనక చిన్న పవర్ యాంప్ (స్పీకర్‌ని నడిపే భాగం) కలిపి ఒక బోర్డు కట్టారు. పెర్ఫార్మెన్స్ ఏమాత్రం తగ్గకుండా పవర్ వాడకాన్ని సగం చేశామన్నది వాళ్ల మాట. నా పక్కన కూర్చున్న మాస్టారు బోర్డు చేతిలోకి కూడా తీసుకోకుండా, "ఇదంతా ఎందుకయ్యా, క్లాస్ డి ఐసీ ఒకటి పెట్టేస్తే అయిపోయేది కదా" అన్నారు. క్లాస్ డి అంటే ట్రాన్సిస్టర్లని స్విచ్‌లలా వేగంగా వేస్తూ ఆపుతూ సిగ్నల్‌ని పెంచే పద్ధతి. పిల్లలు ఏం మాట్లాడలేదు. తర్వాతి బ్యాచ్‌ని పిలిచారు.

ఆ మాట నన్ను వదల్లేదు. పిల్లలు చేసిన పనిలో లోపం ఉంది, మాస్టారి సలహాలో నిజం ఉంది. అయినా ఇద్దరూ ఒక్క పని వదిలేశారు. ఆ బోర్డు మీద ఏ కరెంటు ఎక్కడికి పోతోంది, పోయి ఏం తెచ్చిపెడుతోంది అని ఎవరూ అడగలేదు. నా అభిప్రాయం ఇది: యాంప్లిఫయర్‌లో ప్రతి మిల్లీయాంపియరూ ఏదో ఒకటి కొంటుంది. నాయిస్ తగ్గడమో, డిస్టార్షన్ (సిగ్నల్ ఆకారం చెడడం) తగ్గడమో, వేగం పెరగడమో. ఏమీ కొనకుండా పోతున్న మిల్లీయాంపియర్లు కూడా చాలా ఉంటాయి. పెర్ఫార్మెన్స్ పోకుండా పవర్ తగ్గించాలంటే ముందు వాటిని పట్టుకోవాలి. అన్నిటినీ సమానంగా కోసేయడం గానీ, మొత్తం మార్చి కొత్త ఐసీ పెట్టేయడం గానీ ఈ పనికి బదులు కాదు.

ఎక్కువసేపు ఏ స్థితిలో ఉంటుంది?

క్లాస్ బి (రెండు ట్రాన్సిస్టర్లు సిగ్నల్‌ని చెరో సగం మోసే పద్ధతి) సామర్థ్యం 78.5 శాతమని మనందరం పరీక్షల్లో రాశాం. అది సైన్ వేవ్ సప్లై వోల్టేజి అంచుదాకా ఊగినప్పటి సంగతి. పాటగానీ, మాటగానీ అలా ఎప్పుడో క్షణకాలం ఊగుతుంది, మిగతా సమయమంతా చాలా కింద ఉంటుంది. కాబట్టి ఆ 78.5 అంకెతో ఇంట్లోనూ పందిట్లోనూ మనకి పెద్దగా పనిలేదు.

ఒక లెక్క వేసి చూద్దాం. ప్లస్ మైనస్ 35 వోల్టుల సప్లై, 8 ఓంల స్పీకర్. గదిలో వినడానికి 1 వాట్ చాలా సందర్భాల్లో ఎక్కువే. 8 ఓంల మీద 1 వాట్ అంటే 4 వోల్టుల పీక్ (గరిష్ఠ స్థాయి), అర యాంపియర్ పీక్ కరెంటు. క్లాస్ బిలో ఒక్కో సప్లై నుంచి వచ్చే సగటు కరెంటు పీక్‌ని π (3.14)తో భాగిస్తే వస్తుంది, అంటే 0.16 యాంపియర్. దాన్ని మొత్తం 70 వోల్టులతో గుణిస్తే 11 వాట్లు. స్పీకర్‌కి 1 వాట్ ఇవ్వడానికి గోడలోంచి 11 వాట్లు లాగుతున్నాం. మిగతా 10 వాట్లు హీట్ సింకు మీద వేడి. బయాస్ కరెంటు (సిగ్నల్ లేనప్పుడు కూడా ట్రాన్సిస్టర్లలో పారేలా పెట్టే కరెంటు), ట్రాన్స్‌ఫార్మర్ నష్టాలు ఇంకా కలపనే లేదు.

ఈ 10 వాట్లు ఏం కొంటున్నాయి? ఎప్పుడో వచ్చే పెద్ద పీక్ కోసం సిద్ధంగా ఉండడాన్ని. అది అవసరమే, కాదనను. కానీ ఆ పీక్ లేనప్పుడు కూడా 35 వోల్టులు అక్కడే నిలబడి ఉండాల్సిన పని లేదు. 1977లో హిటాచీ క్లాస్ జి యాంప్ తెచ్చింది ఈ ఆలోచనతోనే: మామూలుగా తక్కువ సప్లై మీద నడిచి, పీక్ వచ్చినప్పుడు మాత్రం ఎక్కువ సప్లై అందుకోవడం. పై లెక్కలో 35 బదులు 15 వోల్టులు పెట్టండి, 11 వాట్లు 5 వాట్లకు దిగుతాయి. పెద్ద పీక్ కూడా చెక్కుచెదరకుండా వస్తుంది. ధర ఏంటంటే ట్రాన్స్‌ఫార్మర్‌కి అదనపు ట్యాపులు, ఇంకొన్ని ట్రాన్సిస్టర్లు, ఒక సప్లై నుంచి ఇంకోదానికి మారే చోట చిన్న గ్లిచ్. ఆ గ్లిచ్‌ని జాగ్రత్తగా చూసుకోవాలి, డయోడ్లు మందకొడివైతే స్కోపు మీద స్పష్టంగా కనబడుతుంది. ఇవాళ ఫోన్లలో హెడ్‌ఫోన్ నడిపే ఐసీల్లో చాలావాటిలో ఉన్నది ఇదే పద్ధతి.

రేడియో తరంగాల వైపు ఇదే సమస్యకి ఇంకా పాత జవాబు ఉంది. బెల్ ల్యాబ్స్‌లో విలియం డోహర్టీ 1936లో కనిపెట్టిన యాంప్లిఫయర్‌లో ఒక భాగం మామూలు స్థాయి సిగ్నల్‌ని మోస్తుంది, రెండో భాగం పీకులప్పుడు మాత్రమే మేల్కొంటుంది. అప్పట్లో ఏఎం ట్రాన్స్‌మిటర్ల కోసం చేసిన ఆ అమరికే ఇప్పుడు మొబైల్ టవర్ల యాంప్లిఫయర్లలో నడుస్తోంది, ఎందుకంటే 4జీ సిగ్నల్‌కి కూడా సగటు కింద, పీకులు చాలా పైన. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చిపోయాక ఇక్కడ ఉన్నవాళ్లకి కరెంటు లేని రాత్రులు, సిగ్నల్ లేని ఫోన్లు గుర్తుండే ఉంటాయి. డీజిల్ మీద, బ్యాటరీల మీద నడిచే టవర్‌కి యాంప్లిఫయర్ సామర్థ్యం అంటే ఇంకా ఎన్ని గంటలు నిలబడగలదన్న లెక్క. దాన్ని కరెంటు బిల్లుతో కొలవలేం.

మాస్టారి మాటలో నిజం

క్లాస్ డి మీద నాకు కోపమేం లేదు. నేనూ వాడతాను. అదే 1 వాట్ ఇవ్వడానికి 24 వోల్టుల మీద నడిచే ఒక మామూలు క్లాస్ డి బోర్డు సిగ్నల్ లేకుండా ఊరికే ఉన్నప్పుడు, అంటే ఐడిల్‌లో 40 మిల్లీయాంపియర్లు తింటుందనుకుందాం. అంటే సుమారు ఒక వాట్. దానికి పైన మరో వాట్, కొంచెం నష్టం. మొత్తం రెండు వాట్ల పైచిలుకు. 11 ఎక్కడ, 2 ఎక్కడ! ఈ అంకెల ముందు వాదించడానికి ఏమీ లేదు, అవుట్‌పుట్ స్టేజ్ వరకు మాస్టారు చెప్పింది సరైనదే.

కానీ ఆ వాదన అవుట్‌పుట్ స్టేజ్ దగ్గర ఆగిపోతుంది. మైక్ నుంచి వచ్చే మిల్లీవోల్టుల సిగ్నల్‌ని పెంచే చోట క్లాస్ డి లేదు. సెన్సర్ దగ్గర లేదు. ఈసీజీ ముందుభాగంలో లేదు. పైగా క్లాస్ డిలోనూ లెక్క అడగాల్సిందే. ఆ ఐడిల్ కరెంటు ఎక్కడికి పోతోంది? గేట్లను సెకనుకి లక్షలసార్లు ఛార్జ్ చేసి ఖాళీ చేయడానికి, అవుట్‌పుట్ కాయిల్‌లో అటూ ఇటూ తిరిగే రిపుల్ కరెంటుకి. స్విచింగ్ ఫ్రీక్వెన్సీ తగ్గిస్తే ఈ నష్టం తగ్గుతుంది, కానీ ఫిల్టర్ పెద్దదవుతుంది, ఫీడ్‌బ్యాక్‌కి (అవుట్‌పుట్‌ని ఇన్‌పుట్‌తో పోల్చి తప్పు దిద్దే పద్ధతికి) చోటు తగ్గి డిస్టార్షన్ పెరుగుతుంది. కాయిల్ చవకది వేస్తే కోర్ వేడెక్కుతుంది. 400 కిలోహెర్ట్జ్ దగ్గర స్విచ్ అవుతున్న బోర్డుని మీడియం వేవ్ రేడియో పక్కన పెట్టి చూడండి, హార్మోనిక్స్ సంగతి మీ చెవికే తెలుస్తుంది. ఐసీ మార్చినంత మాత్రాన కొనుగోలు అమ్మకాల ఈ తగువు తీరదు, ఇంకో చోటికి మారుతుంది.

వేడిగా ఉంటే సౌండ్ బాగుంటుందా?

మన ఊళ్లో యాంప్లిఫయర్లు రిపేరు చేసేవాళ్లలో ఒక నమ్మకం బలంగా ఉంది. బయాస్ ప్రీసెట్‌ని (బయాస్ సర్దే చిన్న మరని) కాస్త ఎక్కువ తిప్పి, హీట్ సింకు చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే "సౌండ్ గట్టిగా, తియ్యగా వస్తుంది" అంటారు. పైకి ఇది తర్కంగానే కనబడుతుంది: క్లాస్ ఎ (ట్రాన్సిస్టర్లు ఎప్పుడూ ఆరిపోకుండా నడిచే పద్ధతి) మంచిది, బయాస్ పెంచితే క్లాస్ ఎ వైపు వెళ్తాం, కాబట్టి మంచిది.

హ్యూలెట్ ప్యాకార్డ్ ఇంజనీరు బర్నార్డ్ ఆలివర్ 1971లోనే దీని మీద చక్కటి విశ్లేషణ రాశాడు. ట్రాన్సిస్టర్ జంట ఒకరి నుంచి ఒకరు సిగ్నల్ అందుకునే చోట మొత్తం నిరోధం వీలైనంత మారకుండా ఉండాలంటే, ఒక్కో ఎమిటర్ రెసిస్టర్ మీద సుమారు 26 మిల్లీవోల్టులు పడేలా బయాస్ పెట్టాలి. తక్కువైతే ఆ చేతులు మారే చోటే సిగ్నల్ చెడుతుంది, దాన్నే క్రాసోవర్ డిస్టార్షన్ అంటారు. ఎక్కువైతే? రెండు ట్రాన్సిస్టర్లూ కలిసి పనిచేసే మధ్యభాగంలో గెయిన్ (సిగ్నల్‌ని పెంచే రెట్లు) ఎక్కువ, ఒక్కటే పనిచేసే భాగంలో తక్కువ, ఆ మెట్టు దగ్గర మళ్లీ డిస్టార్షన్. అంటే క్లాస్ ఎబిలో (క్లాస్ బికి కొంచెం బయాస్ కలిపిన ఈ పద్ధతిలో) అవసరానికి మించిన బయాస్ కరెంటు ఖర్చూ పెంచుతుంది, నాణ్యతనీ తగ్గిస్తుంది. పూర్తిగా క్లాస్ ఎలోకి వెళ్లిపోతే వేరే సంగతి, కానీ ఆ పని చేసే హీట్ సింకు ఈ పెట్టెల్లో ఎవరూ పెట్టరు.

ఇక్కడ ఇంకో మంచి విషయం ఉంది. ఎమిటర్ రెసిస్టర్ 0.22 ఓం అయితే సరైన బయాస్ దాదాపు 118 మిల్లీయాంపియర్లు, ఆ 70 వోల్టుల సప్లై మీద 8 వాట్ల పైచిలుకు. రెసిస్టర్ 0.47 చేస్తే 55 మిల్లీయాంపియర్లు చాలు, 4 వాట్లలోపు. వేడికి బయాస్ పరుగెత్తిపోయే ప్రమాదం కూడా తగ్గుతుంది. బదులుగా గట్టిగా మోగించినప్పుడు ఆ రెసిస్టర్లో కొంత పవర్ పోతుంది, జంట మధ్య చేతులు మారే చోటు కొంచెం గరుకవుతుంది. రోజంతా తక్కువ సౌండ్‌లో నడిచే యాంప్‌కి నేనైతే 0.47 ఎంచుకుంటాను. కల్యాణ మండపంలో పూర్తి సౌండ్ మీద నడిచేదానికైతే 0.22నే ఉంచుతాను.

"ఎంత డిస్టార్షన్ వచ్చినా ఫీడ్‌బ్యాక్ సరిచేస్తుంది కదా, బయాస్ బాగా తగ్గించేద్దాం" అనేవాళ్లు ఉన్నారు. హెరాల్డ్ బ్లాక్ 1927లో నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ కనిపెట్టినప్పటి నుంచి ఈ ధైర్యం మనకి ఉంది. 1 కిలోహెర్ట్జ్ దగ్గర ఆ ధైర్యం చెల్లుతుంది. మామూలు యాంప్‌లో లూప్ గెయిన్ (ఫీడ్‌బ్యాక్‌కి ఉన్న దిద్దే శక్తి) ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ అదే నిష్పత్తిలో పడిపోతుంది, 20 కిలోహెర్ట్జ్ దగ్గర దిద్దే శక్తి ఇరవయ్యో వంతే మిగులుతుంది. పైగా రెండు ట్రాన్సిస్టర్లూ దాదాపు ఆరిపోయిన క్షణంలో లూప్ గెయిన్ కూడా అక్కడే అన్నిటికన్నా తక్కువ. సహాయం బాగా కావాల్సిన చోటే అది అందదు.

మొదటి ట్రాన్సిస్టర్ జోలికి వెళ్లేముందు

మళ్లీ పిల్లల బోర్డు. పవర్ సగమైన మాట నిజం, కానీ దాదాపు అంతా పవర్ యాంప్ బయాస్ నుంచి వచ్చిందే. దానితోపాటు మైక్ తగిలే మొదటి ట్రాన్సిస్టర్ కరెంటుని కూడా 1 మిల్లీయాంపియర్ నుంచి 0.1కి దించేశారు. 9 వోల్టుల మీద అక్కడ ఆదా అయింది 8 మిల్లీవాట్లు.

పోయిందేంటో చూడండి. 200 ఓంల డైనమిక్ మైక్ తనంతట తానే రూట్ హెర్ట్జ్‌కి 1.8 నానోవోల్టుల నాయిస్ ఇస్తుంది, దాన్ని ఎవరూ తగ్గించలేరు. 1 మిల్లీయాంపియర్ దగ్గర ట్రాన్సిస్టర్ కలెక్టర్ కరెంటు వల్ల కలిసేది అర నానోవోల్టులోపు. 0.1 దగ్గర అది ఒకటిన్నరకి చేరుతుంది. మొత్తం మీద నాయిస్ దాదాపు 2 డెసిబెల్స్ పెరుగుతుంది. తర్వాతి స్టేజ్‌లు ఎంత గొప్పవైనా ఈ నష్టాన్ని పూడ్చలేవు, ఎందుకంటే మొదట్లో కలిసిన నాయిస్ సిగ్నల్‌తోపాటే పెరుగుతూ పోతుంది. గెయిన్ కొలిచారు, మారలేదు. నాయిస్ కొలవలేదు. ఇన్‌పుట్‌లో మైక్ బదులు 200 ఓంల రెసిస్టర్ పెట్టి కొలవమన్నాను. వాళ్లలో ఒక అమ్మాయి తర్వాత ఫోన్ చేసి, "సార్, మీరన్నట్టే పెరిగింది. కానీ బ్యాటరీ మీద నడిచేదాంట్లో 8 మిల్లీవాట్లు కూడా ఎక్కువే కదా?" అంది.

ఆ ప్రశ్న నాకు చాలా నచ్చింది, ఎందుకంటే అది న్యాయమైన ప్రశ్న. చెవి మిషన్ లాంటి పరికరంలో 1.4 వోల్టుల చిన్న జింక్ ఎయిర్ సెల్ మీద రోజుల తరబడి నడవాలి, అక్కడ 8 మిల్లీవాట్లు ఊహించలేనంత దుబారా. కానీ అక్కడి మైకు వేరు. లోపలే చిన్న యాంప్ ఉండే మైకు గట్టి సిగ్నల్ ఇస్తుంది కాబట్టి మొదటి స్టేజ్ మీద అంత భారం ఉండదు. అదే డైనమిక్ మైక్ ముందు, పక్కనే పవర్ యాంప్ వందల మిల్లీవాట్లు తింటున్న బోర్డులో, 8 మిల్లీవాట్ల కోసం 2 డెసిబెల్స్ వదులుకోవడం నష్టపు బేరం.

ఇంకో మాట. సోర్స్ నిరోధం 200 ఓంలు కాకుండా 10 కిలో ఓంలు అయితే కథ తిరగబడుతుంది. అప్పుడు బేస్ కరెంటు నాయిస్ ముఖ్యమవుతుంది. కరెంట్ గెయిన్ 400 ఉన్న ట్రాన్సిస్టర్‌కి అత్యల్ప నాయిస్ ఇచ్చే కలెక్టర్ కరెంటు 50 మైక్రోయాంపియర్ల దగ్గర వస్తుంది. అక్కడ 1 మిల్లీయాంపియర్ పెట్టినవాడు పవర్ ఎక్కువ ఖర్చుచేసి నాయిస్ ఎక్కువ తెచ్చుకుంటున్నాడు. తగ్గించడమే మెరుగు, రెండు విధాలా. ఇలాంటి చోట్లు ప్రతి సర్క్యూట్‌లో ఒకటో రెండో దొరుకుతాయి.

వేగం సంగతి కూడా అంతే. 35 వోల్టుల పీక్‌ని 20 కిలోహెర్ట్జ్ దగ్గర వక్రీకరణ లేకుండా ఇవ్వాలంటే మైక్రోసెకనుకి 4.4 వోల్టుల స్లూ రేటు (అవుట్‌పుట్ వోల్టేజి మారగల వేగం) కావాలి. 100 పికోఫారడ్ కెపాసిటర్‌తో ఆ పని కోసం ఇన్‌పుట్ ట్రాన్సిస్టర్ల జంటకి 0.44 మిల్లీయాంపియర్ చాలు. ఎక్కడో చూసిన సర్క్యూట్‌లో ఉంది కదా అని 4 మిల్లీయాంపియర్లు పోస్తే వినేవాడికి ఏమీ రాదు. 0.2కి దించితే మాత్రం పై స్వరాలు గట్టిగా వచ్చినప్పుడు త్రికోణాలవుతాయి.

ఐసీ డిజైన్ చేసేవాళ్లకి ఈ లెక్క ఎప్పుడో తెలుసు. ఎరిక్ విట్టోజ్ లాంటివాళ్లు 1970ల్లో స్విట్జర్లాండ్‌లో చేతి గడియారాల కోసం మాస్ (MOS) రకం ట్రాన్సిస్టర్లని దాదాపు ఆరిపోయే అంచున నడిపారు, అక్కడ ఒక్కో మైక్రోయాంపియర్‌కి దొరికే గెయిన్ అన్నిటికన్నా ఎక్కువ, వేగం అన్నిటికన్నా తక్కువ. గడియారానికి వేగంతో పనిలేదు కాబట్టి సరిపోయింది.

గిరి ప్రదక్షిణ దారిలో ఒక పెట్టె

సింహాచలం గిరి ప్రదక్షిణ నాడు 32 కిలోమీటర్ల దారి పొడవునా మజ్జిగ, మంచినీళ్ల పందిళ్లు ఉంటాయి కదా. మా వైపు కుర్రాళ్లు వేసే పందిట్లో ఒక మైకు సెట్టు ఉంది. పాతకాలపు 2ఎన్3055 పవర్ ట్రాన్సిస్టర్ల జంట, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్, ఒక బాకా (హార్న్ స్పీకర్), 12 వోల్టుల 7 యాంపియర్ అవర్ బ్యాటరీ. సాయంత్రం మొదలుపెడితే అర్ధరాత్రి దాటకముందే గొంతు బొంగురుపోయేది. "మాస్టారూ, క్లాస్ డి బోర్డు తెచ్చేద్దామా? డాబాగార్డెన్స్‌లో దొరుకుతుందంట" అని నా దగ్గరికి వచ్చారు.

ముందు మైకు ఆపేసి, బ్యాటరీ తీగలో మీటర్ పెట్టాం. ఎవరూ మాట్లాడకుండానే 600 మిల్లీయాంపియర్లు. విడదీసి చూస్తే అవుట్‌పుట్ బయాస్ 250. పాటల పెన్‌డ్రైవ్ బోర్డు 150, అది 7805 రెగ్యులేటర్ (వోల్టేజిని 5కి దించే ఐసీ) మీద నడుస్తోంది, 12 వోల్టుల్లో 7 వోల్టులు ఆ రెగ్యులేటరే వేడిగా తింటోంది. ఎప్పుడూ తిరిగే ఫ్యాన్ 110. రంగుల ఎల్ఈడీలు 80. సిగ్నల్‌ని నిజంగా పెంచే ప్రీయాంప్ 10.

బయాస్ ప్రీసెట్ ఎవరో "తియ్యటి సౌండ్" కోసం తిప్పిందే, 60కి తెచ్చాం. రెగ్యులేటర్ స్థానంలో చిన్న బక్ మాడ్యూల్ (స్విచింగ్‌తో వోల్టేజి దించే బోర్డు), 70. బయాస్ తగ్గాక ఫ్యాన్ అవసరమే లేకపోయింది, వేడెక్కితేనే తిరిగేలా థర్మల్ స్విచ్ పెట్టాం. ఎల్ఈడీలు కుర్రాళ్లు పూర్తిగా తీయనివ్వలేదు, 20కి ఒప్పుకున్నారు. ప్రీయాంప్‌ని ముట్టుకోలేదు. మొత్తం 160.

అన్నీ నున్నగా జరగలేదు. బక్ మాడ్యూల్ పెట్టగానే బాకాలో సన్నటి కీచుమోత వచ్చింది. దాని సప్లైలో ఒక కాయిల్, కెపాసిటర్ వేసి, గ్రౌండ్ తీగని ప్రీయాంప్ మీదుగా కాకుండా నేరుగా బ్యాటరీ దగ్గరికి లాగాకే పోయింది. సిగ్నల్ లేనప్పుడు యాంప్ తనే ఆగిపోయే సర్క్యూట్ కూడా పెట్టి చూశాం, ఇంకా మిగులుతుందని. కానీ ప్రతి ప్రకటనలో మొదటి అక్షరం మింగేస్తోంది. తప్పిపోయిన పిల్లవాడి పేరు పిలిచేటప్పుడు మొదటి అక్షరం పోతే ఆ మైకు ఎందుకు? ఆ సర్క్యూట్ పీకేశాం. ఆ పందిట్లో పెర్ఫార్మెన్స్ అంటే పేరు స్పష్టంగా వినబడడం. హార్మోనిక్ డిస్టార్షన్ శాతం దాని తర్వాతే. బాకాలో మాట వినేవాళ్లెవరికీ బయాస్ తగ్గిన తేడా తెలియలేదు. బ్యాటరీ తెల్లారేదాకా నిలబడింది.

మూడు యూనిట్ల కోసమా?

ఇంట్లో యాంప్ రోజుకి పది గంటలు నడిచి 10 వాట్లు ఆదా చేస్తే నెలకి 3 యూనిట్లు. ఫ్రిజ్, ఏసీల ముందు అదెంత అని ఎవరైనా అడిగితే, బిల్లు మాత్రమే చూస్తే నిజమే అంటాను. నా పట్టింపు బిల్లు గురించి కాదు. ఆ 10 వాట్లు పెట్టె లోపలే వేడిగా మిగులుతాయి. మే నెలలో మన ఊరి ఉక్కలో పెట్టె లోపల అసలే చల్లదనం ఉండదు. ఎలక్ట్రొలైటిక్ కెపాసిటర్ చుట్టూ వేడి 10 డిగ్రీలు తగ్గితే దాని ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుంది. వేడి తగ్గితే ఫ్యాన్ అక్కర్లేదు, ఫ్యాన్ లేకపోతే సముద్రపు ఉప్పుగాలిని లోపలికి లాగే దారి ఉండదు. బీచ్ రోడ్డు వైపు ఇళ్ల నుంచి రిపేరుకి వచ్చే యాంప్‌లు విప్పితే ఫ్యాన్ గాలి తగిలే వైపు కనెక్టర్లు పచ్చగా పాచిపట్టి ఉంటాయి.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకోటుంది, దానికి నా దగ్గర సగం జవాబే ఉంది. స్పీకర్ సున్నితత్వం 3 డెసిబెల్స్ పెరిగితే అదే సౌండ్‌కి సగం పవర్ చాలు. 10 పెరిగితే పదో వంతు. మామూలు బాక్సు స్పీకర్ తనకిచ్చిన పవర్లో ఒక శాతం అటూ ఇటూ మాత్రమే శబ్దంగా మారుస్తుంది, బాకా దానికి చాలా రెట్లు. అలాంటప్పుడు యాంప్ లోపల మిల్లీయాంపియర్లు ఏరుకోవడం కన్నా మంచి స్పీకర్ కొనడం మేలు కాదా? బయట మైదానంలో, పందిట్లో, బడిలో అయితే ముందు స్పీకరే మార్చమంటాను. కానీ స్పీకర్ ఎంత మంచిదైనా, ఎవరూ మాట్లాడనప్పుడు పోయే కరెంటుని అది ఒక్క మిల్లీయాంపియర్ కూడా తగ్గించదు. పైగా స్పీకర్ మెరుగైనకొద్దీ యాంప్ ఇంకా కింది స్థాయిలో నడుస్తుంది, మొత్తం ఖర్చులో ఐడిల్ వాటా ఇంకా పెరుగుతుంది. అందుకే నా బల్ల మీదకి ఏ యాంప్ వచ్చినా మూడు చోట్ల కొలుస్తాను: ఇన్‌పుట్ ఏమీ లేకుండా, ఎనిమిదో వంతు పవర్ దగ్గర, పూర్తి పవర్ దగ్గర. పెట్టె మీద అచ్చువేసే వాట్లు మూడోదాని గురించే ఉంటాయి. మొదటి అంకె కొన్నవాళ్లకి ఎవరూ చెప్పరు, మీటర్ పెట్టుకుని మనమే చూసుకోవాలి.